పాఠములలోని కత్తెర
డి.ఎన్.ఏ.ను కోయు ఎంజైముల బోధనపై ఒక విమర్శ

డి.ఎన్.ఏ.ను కోయు ఎంజైములను గురించి ఏ పాఠము తెరచినను, ఏ పత్రికావ్యాసము చదివినను మొట్టమొదట కనబడునది కత్తెర బొమ్మ. మెలిదిరిగిన నిచ్చెన వంటి డి.ఎన్.ఏ.; దాని నడుమ నోరు తెరచిన కత్తెర; క్రింద "అణు కత్తెరలు" అను పేరు. ఈ పోలిక మనవారు కల్పించినది కాదు. 2020వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమును ప్రకటించునప్పుడు బహుమాన సంఘమువారు సైతము "జన్యు కత్తెరలు" అను మాటనే వాడిరి. ఇంతగా వాడుకలో నున్న ఒక పోలికపై విమర్శ యెందుకని ఉపాధ్యాయులు కొందరు అడుగవచ్చును.

పోలిక తప్పని నా వాదము కాదు. ఎంజైము కోయును, కత్తెరయు కోయును. కాని కత్తెర చదువదు. చేతిలో పట్టుకొన్నవాడు ఎక్కడ పెట్టిన అక్కడ కత్తిరించును. ఈ ఎంజైమును పట్టుకొన్న చేయి లేదు. ఏ చోట కోయవలెనో తానే గుర్తించును. ఆ గుర్తింపే దాని విలువ. డి.ఎన్.ఏ.ను తునాతునకలు చేయుటయే కావలసియున్నచో శాస్త్రజ్ఞులు ఇంత శ్రమపడ నక్కరలేదు. మన క్లోమరసములోనే అట్టి ఎంజైము కలదు. సన్నని సూది గుండ డి.ఎన్.ఏ. ద్రవమును పలుమార్లు నెట్టినను పొడవైన పోగులు తెగిపోవును. అట్టి తునకలతో ప్రయోగశాలలో పెద్ద పని జరుగదు, ఏలయన నేటి తునకలు నిన్నటి వానివలె నుండవు. బాల్టిమోరులో కోసినను, హైదరాబాదులో కోసినను, అదే డి.ఎన్.ఏ. అవే చోట్ల తెగి అవే పొడవుల ముక్కలను ఇచ్చుట ఈ ఎంజైములు వచ్చిన తరువాతనే సాధ్యమైనది.

దీనిని కనుగొన్న చరిత్రను చెప్పినచో విద్యార్థికి ఈ సంగతి తనంతట బోధపడును. పాఠములలో ఆ చరిత్ర రెండు పంక్తులకు కుదించుకొని పోయినది. 1970లో బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున హామిల్టన్ స్మిత్, ఆయన విద్యార్థి కెంట్ విల్కాక్స్ హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అను బాక్టీరియాపై పని చేయుచుండిరి. వారు వాడిన సాధనము చాల సామాన్యమైనది: ద్రవముల చిక్కదనమును కొలుచు గాజుగొట్టము. పొడవైన డి.ఎన్.ఏ. కరగిన నీరు చిక్కగా నుండును. పోగులు తెగినకొలది పలుచబడును. ఆ బాక్టీరియానుండి తీసిన రసమును పి-22 అను వైరసుయొక్క డి.ఎన్.ఏ.లో కలిపిరి. చిక్కదనము తగ్గిపోయినది. అదే రసమును ఆ బాక్టీరియాయొక్క స్వంత డి.ఎన్.ఏ.లో కలిపిరి. చిక్కదనము తగ్గలేదు.

ఉపాధ్యాయులు ఇక్కడ కొంచెము ఆగవలెను. కత్తెరకు తన గుడ్డ, పరాయి గుడ్డ అను భేదము లేదు. ఈ రసములోని ఎంజైమునకు కలదు! ఆ భేదమును అది ఎట్లు తెలిసికొనుచున్నది? ఈ ప్రశ్న పుట్టిన విద్యార్థికి తక్కిన పాఠమంతయు దానికి సమాధానముగా నడచును. ఈ ప్రశ్న పుట్టనివానికి అది పేర్ల పట్టికగా మిగిలిపోవును.

స్మిత్ పరిశోధించిన ఎంజైము హిన్-డి-2. అది ఆరు అక్షరముల వరుసను గుర్తించి, ఆ వరుస నడుమ రెండు పోగులను కోయునని ఆయన, థామస్ కెల్లీ కలిసి నిరూపించిరి. 1971లో అదే విశ్వవిద్యాలయమునందు డేనియల్ నాథన్స్, కాథ్లీన్ డానా ఈ బాక్టీరియా ఎంజైముతో ఎస్.వి.-40 అను వైరసు డి.ఎన్.ఏ.ను కోయగా సరిగా పదకొండు ముక్కలు వచ్చినవి. ఆ ముక్కలను పొడవునుబట్టి వరుసపెట్టి ఆ వైరసునకు పటము గీయుటకు పూనుకొనిరి. భూమికి సర్వే రాళ్లు ఎట్టివో, ఈ కోతచోట్లు డి.ఎన్.ఏ.కు అట్టివైనవి. 1978లో స్మిత్, నాథన్స్, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వెర్నర్ ఆర్బర్ నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

పేరును గురించి ఒక మాట. ప్రయోగశాలలో "హిండ్-త్రీ" అని పలుకు పేరు వినినప్పుడు హిందూపురము విద్యార్థి తన ఊరి పేరేమోనని ముచ్చటపడవచ్చును. అది హీమోఫిలస్ లోని మొదటి అక్షరము, ఇన్‌ఫ్లుయెంజే లోని మొదటి రెండక్షరములు, ఆ బాక్టీరియాలో "డి" అను తెగ, ఆ తెగలో దొరకిన మూడవ ఎంజైము అని కూర్చిన పేరు. పేర్లు పెట్టు ఈ పద్ధతిని మన పాఠములు చక్కగనే బోధించుచున్నవి. పరీక్షలలో అడుగుటకు అనువుగా నుండుట దీనికి కారణము కావచ్చును.

ఆర్బర్ కథ దీనికన్న ముందరిది. వైరసులు బాక్టీరియాలను కూడ పట్టి పీడించును. అట్టి వైరసులకు ఫేజులని పేరు. ఇ. కోలై బాక్టీరియాలో ఒక తెగలో పెరిగిన ఫేజులను మరియొక తెగపై విడిచినప్పుడు పదివేలలో కొద్దింటికి మాత్రమే బ్రతుకు దొరకుచుండెను. ఆ బ్రతికినవాని సంతతి మాత్రము ఆ క్రొత్త తెగలో ఏ అడ్డును లేక పెరుగుచుండెను. ఈ వింతను 1950ల తొలినాళ్లలోనే గమనించిరి. ఆర్బర్, డైజీ డుసోవా 1962లో ఈ మార్పు ఫేజుయొక్క డి.ఎన్.ఏ.లోనే ఉన్నదని చూపిరి. బాక్టీరియాలో రెండు ఎంజైములు జంటగా పనిచేయుచున్నవి. ఒకటి తన డి.ఎన్.ఏ.పై నిర్ణీతమైన అక్షర వరుస ఉన్న ప్రతిచోటను మిథైల్ గుంపు అను చిన్న ముద్ర వేయును. రెండవది అదే వరుసను వెదకి, ముద్ర లేనిచోట కోయును. లోపలికి వచ్చిన వైరసు డి.ఎన్.ఏ.పై ముద్ర ఉండదు గావున అది తెగిపోవును. ఏ ఒక్కటియో కోతకు ముందే ముద్ర వేయించుకొన్నచో దాని సంతతి ఇంటిదానివలె చెల్లుబాటగును.

ఇ. కోలైయొక్క డి.ఎన్.ఏ.లో సుమారు 46 లక్షల అక్షరముల జతలున్నవి. అందులో ఆరక్షరముల వరుస సాధారణముగ వందల చోట్ల తారసపడును. ముద్ర వేయు ఎంజైము లేక కోయు ఎంజైము ఒక్కటియే ఉన్నచో ఆ బాక్టీరియా తన్ను తానే తునకలు చేసికొని నశించును. కోతను గురించి పుటలు నింపిన పాఠములు ఈ ముద్రను గురించి ఒక్క వాక్యముతో సరిపుచ్చుట నాకు పెద్ద లోపముగా తోచుచున్నది.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి పన్నెండవ తరగతి జీవశాస్త్ర పుస్తకమును ఇక్కడ ప్రస్తావింపవలెను. ఆ పుస్తకము చాల మంది రచయితలకన్న జాగ్రత్తగా వ్రాయబడినది. కాని నేను చూచిన ప్రతిలో ఈ జంట ఎంజైములను ఇ. కోలైనుండి 1963లో వేరుపరచినట్లును, హిన్-డి-2 దాని తరువాత ఐదేండ్లకు లభించినట్లును ఉన్నది. వాస్తవమున 1960ల తొలినాళ్లలో తెలిసినది సిద్ధాంతము. ఎంజైమును వేరుపరచినది 1968లో, మాథ్యూ మెసెల్సన్, రాబర్ట్ యువాన్. హిన్-డి-2 వచ్చినది 1970లో. కొద్ది ఏండ్ల తేడాకు ఇంత పట్టుదల యెందుకన్నచో, మెసెల్సన్ వేరుపరచిన ఎంజైము ఒక చోట అక్షరములను గుర్తించి, దానికి చాల దూరమున, ఏదో ఒక చోట, కోయును. కోయుట వచ్చును, నియతి లేదు. దానితో ఎవరును పటములు గీయలేకపోయిరి. చదివిన చోటనే కోయు ఎంజైము దొరకినదాక ఈ విద్య ప్రయోగశాలలో పనిముట్టు కాలేదు. సంవత్సరములను కలగాపులగము చేసినచో ఈ భేదము మాయమగును, విద్యార్థి చేతిలో మరల కత్తెర బొమ్మయే మిగులును.

ఇక వికటకవి సంగతి. ఈ ఎంజైములు గుర్తించు వరుసలు ముందునుండియు వెనుకనుండియు ఒకే తీరుగ ఉండునని చెప్పి, ఉదాహరణగా తెలుగు తరగతులలో "వికటకవి" అను మాటను చూపుట సులభము. రాయల కథలు, తెనాలి రామకృష్ణుని కథలు ఇంటింట చెప్పుకొను పెనుకొండ ప్రాంతములో ఆ మాట చెప్పగానే పిల్లల ముఖములు వికసించును. కాని ఆ పోలికతో చదివినవాడు మొదటి లెక్కలోనే బోల్తాపడును. ఇకో-ఆర్-1 అను ఎంజైము గుర్తించు వరుసను చూడుడు: జి-ఏ-ఏ-టి-టి-సి. దీనిని వెనుకనుండి చదువుడు: సి-టి-టి-ఏ-ఏ-జి. రెండును ఒకటి కావు! వికటకవి వంటి వరుస కావలెనన్నచో జి-ఏ-ఏ-ఏ-ఏ-జి అని వ్రాయవలెను. దానిని ఈ ఎంజైము తాకనైన తాకదు.

అసలు సంగతి రెండు పోగులలో నున్నది. డి.ఎన్.ఏ.లో ఒక పోగునకు ఎదురుగా మరియొక పోగు ఉండును. ఏ ఎదుట టి, జి ఎదుట సి. ఈ రెండు పోగుల దిశలు పరస్పర విరుద్ధములు. మొదటి పోగుపై జి-ఏ-ఏ-టి-టి-సి అని యున్నచో, దాని క్రింద రెండవ పోగుపై ఎడమనుండి సి-టి-టి-ఏ-ఏ-జి అని యుండును. రెండవ పోగును దాని దిశలో, అనగా కుడినుండి ఎడమకు, చదువుడు: జి-ఏ-ఏ-టి-టి-సి. ఇది అద్దములోని ప్రతిబింబము కాదు; పేకముక్కపై రాజు బొమ్మ వంటిది. ముక్కను తలక్రిందులుగా త్రిప్పినను అదే రాజు కనబడును. ఇకో-ఆర్-1 ఎంజైము కూడ రెండు సమానభాగములు కలిసి ఏర్పడినది. ఒక్కొక్క భాగము ఒక్కొక్క పోగును, జి తరువాత, కోయును. పేకముక్క వంటి వరుసకు పేకముక్క వంటి ఎంజైము! పైన చెప్పిన పన్నెండవ తరగతి పుస్తకము "మలయాళం" అను మాటను ఉదాహరణగా ఇచ్చి, డి.ఎన్.ఏ.లో పద్ధతి వేరని వెంటనే హెచ్చరించినది, అంతవరకు మెచ్చదగినదే. కాని మలయాళము అను మాట ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినపుడే అటునిటు ఒకటిగా నుండును. తెలుగు లిపిలో ఆ ఉదాహరణ నిలువదు. తెలుగు పాఠము వ్రాయువారు దానిని అట్లే దింపుకొనుట కన్న రెండు కాగితపు చీటీలపై ఆరేసి అక్షరములు వ్రాయించి, బల్లపై సగము చుట్టు త్రిప్పించుట మేలు. ఐదు నిమిషముల పని.

కత్తెర పోలిక మరుగుపరచు సంగతి ఇంకొకటి కలదు. ఎంజైము ఎంత నికరముగా చదువునో అది దాని ఒక్కదాని చేతిలో లేదు. చుట్టునున్న నీటిలో ఏ లవణమున్నది, ఎంత ఉన్నది అనుదానిపై ఆధారపడును. దీనికి చక్కని సాక్ష్యము మన పొరుగుననే యున్నది. ధర్మవరములో రైలెక్కినవాడు పెనుకొండ, హిందూపురములు దాటి బెంగుళూరు చేరును. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో డి. ఎన్. రావు, వి. నాగరాజ అను శాస్త్రవేత్తల ప్రయోగశాలలు ఈ జాతి ఎంజైములపై ఏండ్ల తరబడి పరిశోధనలు జరిపినవి. నాగరాజ బృందము కె-పి-ఎన్-1 అను ఎంజైమును పట్టుకొనినది. ఇది క్లెబ్సియెల్లా న్యుమోనియే అను బాక్టీరియాకు చెందినది. జి-జి-టి-ఏ-సి-సి అను వరుసను గుర్తించును. సాధారణముగ ఈ ఎంజైములకు మెగ్నీషియము కావలెను. మెగ్నీషియము సమృద్ధిగ నున్నపుడు కె-పి-ఎన్-1 తన వరుసనే కాక, దానికి ఒక అక్షరము తేడాగా నున్న వరుసలను కూడ కోయుచున్నది. మెగ్నీషియమునకు బదులు కాల్షియము నిచ్చినపుడు అది సరియైన వరుసను మాత్రమే కోసి, తప్పు చోట్లను విడిచివేయుచున్నది. ఈ ఫలితము 2004లో వెలువడినది. కాల్షియముతో కోయు ఎంజైము అరుదు. కాల్షియము ఎంజైమునకు తప్పులు దిద్దుట మరింత వింత.

ఇకో-ఆర్-1కును ఇట్టి బలహీనత కలదు. ఉప్పు తగ్గి, గ్లిసరాలు ఎక్కువైనపుడు అదియు పోలిక వరుసలను కోయ మొదలిడును. ప్రయోగశాలలో చేరిన క్రొత్త విద్యార్థికి ముక్కలు లెక్కకు మించి వచ్చినపుడు ఎంజైము చెడినదని పారవేయబోవును. చెడినది ఎంజైము కాకపోవచ్చును. దానిని కలిపిన ద్రవము కావచ్చును. పాఠశాలలో కత్తెర బొమ్మ చూచినవానికి ఈ అనుమానమే రాదు, ఏలయన ఉప్పునీటిలో ముంచిన కత్తెర కూడ గీత గీసినచోటనే కోయును గదా.

కోసిన తరువాత అతుకుట. ఇకో-ఆర్-1 రెండు పోగులను ఎదురెదురుగా గాక ఎడముగా కోయుటచే ప్రతి కొసకు నాలుగక్షరముల తోక మిగులును. దీనిని "అంటుకొను కొస" అని వ్రాయుట వాడుక. జిగురు పూసినట్లు పట్టుకొనునని పిల్లలు భావింతురు. ధర్మవరము పిల్లలకు దీనిని చెప్పుట తేలిక. మగ్గముపై పాత పడుగు అయిపోవచ్చినపుడు క్రొత్త పడుగుపోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా జతచేసి మెలివేసి అతుకుదురు. ఏ పోగు ఏ పోగునకో ముందు కుదురవలెను. తరువాత మెలి పడవలెను. కుదిరినంత మాత్రమున అతుకు కాదు. డి.ఎన్.ఏ. తోకలు కూడ అట్లే: నాలుగక్షరముల మధ్య హైడ్రోజను బంధములు చాల బలహీనము, కొంచెము వెచ్చదనమునకే విడిపోవును. శాశ్వతమైన అతుకు వేయునది లైగేజు అను మరియొక ఎంజైము. అది 1967లో తెలియవచ్చినది. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్, వారి సహచరులు రెండు వేర్వేరు డి.ఎన్.ఏ. ముక్కలను కలిపి బాక్టీరియాలో పెంచగలిగినది ఈ రెండు ఎంజైముల తోడ్పాటు చేతనే. నేతపనిలో కోయువానికన్న అతుకువానికి ఎక్కువ నేర్పు కావలెనని ధర్మవరములో చిన్నపిల్లవాడైనను చెప్పును.

పట్టు ప్రస్తావన వచ్చినది గావున, అసలు ఉదాహరణల సంగతిని తడవెదను. ఈ విద్యకు మన పాఠములు చూపు ఉదాహరణలు రెండే: ఇన్సులిను, బి.టి. ప్రత్తి. రెండును మంచివే. కాని హిందూపురములో పట్టుగూళ్ల మార్కెట్టు, ధర్మవరములో మగ్గములు, చుట్టుపట్ల పల్లెలలో మల్బరీ తోటలు ఉన్న ఈ సీమలో పిల్లవాని ఇంటి ముంగిటనే ఇంతకన్న దగ్గరి ఉదాహరణ కలదు. హిందూపురము ప్రక్కన కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టు పరిశోధన అభివృద్ధి సంస్థ యున్నది. ఆ సంస్థ పేరు ఊరిలో అందరు విన్నదే. అది పాల్గొన్న పని మాత్రము పాఠములలోనికి రాలేదు.

మొదట జాతుల గుర్తింపును చూతము. పట్టుపురుగు డి.ఎన్.ఏ.లో సుమారు 45 కోట్ల అక్షరముల జతలు కలవు. ఆరక్షరముల వరుస లెక్కప్రకారము 4,096 జతలకు ఒకసారి వచ్చును, ఏలయన నాలుగక్షరములను ఆరు స్థానములలో అన్ని విధముల కూర్పగా వచ్చు సంఖ్య అదియే. అనగా ఒక ఎంజైముతో కోసినచో లక్షకు పైబడిన ముక్కలు. వీనిని జెల్లుపై విద్యుత్తుతో పరుగెత్తించినచో ముక్క ముక్కగా కనబడవు; పైనుండి క్రిందికి ఒకే మరక. కత్తెర ఎంత చక్కగా పనిచేసినను ఇక్కడ ఏమియు తెలియరాదు! 1975లో ఎడ్విన్ సదరన్ చూపిన ఉపాయము ఇక్కడ అక్కరకు వచ్చినది. జెల్లుపైనున్న ముక్కలను ఉన్నవి ఉన్నట్లుగ ఒక పలుచని పొరపైకి ఎక్కించి, మనకు కావలసిన వరుసను మాత్రమే పట్టుకొను గుర్తుగల డి.ఎన్.ఏ.తో తడిపినచో, లక్ష ముక్కలలో కొద్దిపాటి ముక్కలు మాత్రము పట్టెలుగా వెలుగును.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున లాల్జీ సింగ్ వాడిన గుర్తు కట్లపాము జాతినుండి వచ్చినది. అందు జి-ఏ-టి-ఏ అను నాలుగక్షరములు పదే పదే వచ్చును. దానితో ఆయన 1980ల చివర మనుష్యుల డి.ఎన్.ఏ. వేలిముద్రలను రూపొందించి, మన న్యాయస్థానములకు క్రొత్త సాక్ష్యమును సమకూర్చెను. పాముది మనిషికెట్లు పనికివచ్చినదని ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ వరుస చాల జంతువులలో కలదు. 1995లో జె. నాగరాజు, లాల్జీ సింగ్ తదితరులు ఇదే గుర్తుతో పట్టుపురుగు జాతుల వేలిముద్రలను ప్రకటించిరి.

ఇందులో కోయు ఎంజైము చేసినదేమి? రెండు కోతచోట్ల నడుమ ఆ నాలుగక్షరములు ఒక జాతిలో ఇరువది సార్లు, మరియొక జాతిలో ఏబది సార్లు వచ్చినవనుకొందము. కోతచోట్లు రెండింటిలోను అవే. నడుమ దూరము వేరు. కావున ముక్కల పొడవు వేరు, పట్టెల స్థానము వేరు. ఇక్కడ ఎంజైము కత్తెరకన్న కొలతబద్దకు దగ్గర. చూపునకు ఒకే తీరుగనున్న రెండు పురుగుల జాతులు పుట్టుకలో ఎంత దగ్గరివో, ఎంత దూరపువో ఇట్లు తేలినప్పుడు, సంకరజాతి గుడ్లను తయారుచేయువారు తల్లిదండ్రులను ఎన్నుకొనుటకు ఒక ఆధారము లభించును. తరువాతి కాలమున పి.సి.ఆర్. పద్ధతులు ఈ పనిని చాలవరకు తమ చేతిలోనికి తీసికొన్నవి.

రెండవ పని మరింత పెద్దది. పట్టుపురుగులను పెంచు కుటుంబములు గ్రాసరీ రోగము పేరు చెప్పిన బెదరుదురు. పురుగు ఉబ్బి, కణుపుల దగ్గర వాచి, తట్ట అంచుల వెంబడి తిరుగాడును. చర్మము చిట్లి పాలవంటి ద్రవము కారును. ఆ ద్రవము తగిలిన ఆకును తిన్న పురుగు అదే దారి పట్టును. దీనికి కారణము ఒక వైరసు. రోగము తగిలిన పురుగునకు మందు లేదు. బ్లీచింగు పొడి, సున్నము మొదలగువానితో గదిని, తట్టలను శుభ్రపరచుకొనుటయే రక్షణ. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ణయ కేంద్రమున నాగరాజు బృందము, కిరికెర సంస్థతోను, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులతోను కలిసి ఈ వైరసును తట్టుకొను పురుగును తయారుచేయుటకు పూనుకొనినది. వైరసు పెరుగుటకు అవసరమైన ఒక జన్యువును అణచుట 2007లో ప్రకటింపబడినది. ఒకేసారి నాలుగు జన్యువులను అణచుట 2013లో. రెండవ ప్రయోగమున, ఎక్కువ మోతాదులో వైరసు నిచ్చినపుడు మామూలు పురుగులలో సుమారు 15 శాతము బ్రతుకగా, మార్చిన పురుగులలో సుమారు 75 శాతము వరకు బ్రతికినవి. నాగరాజు 2012 డిసెంబరు చివరి దినమున మరణించిరి.

కత్తెర బొమ్మ మాత్రమే ఎరిగిన విద్యార్థి ఈ వార్తను విని, పురుగులోని రోగపు జన్యువును కత్తిరించి పారవేసిరని తలచును. అట్టిదేమియు జరుగలేదు. పురుగులోనుండి ఏ జన్యువును తీయలేదు, ఒకటి చేర్చిరి. కోయు ఎంజైములు, లైగేజు పనిచేయునది పరీక్షనాళికలో, చేర్పవలసిన డి.ఎన్.ఏ.ను కూర్చుటకు. దానిని గ్రుడ్డులోని క్రోమోజోములో నాటినది పిగ్గీబ్యాక్ అను చలించు జన్యుఖండముతో వచ్చు వేరొక ఎంజైము. అది టి-టి-ఏ-ఏ అను నాలుగక్షరములున్నచోట చొరబడును. పట్టుపురుగులో ఈ పద్ధతి మొదట 2000లో జపానులో ఫలించినది. నాలుగక్షరముల వరుస సగటున 256 జతలకు ఒకసారి వచ్చును గనుక, ఎక్కడ నాటుకొనునో ముందుగ చెప్పలేము. వేర్వేరు చోట్ల నాటుకొన్న పురుగుల వంశములను వేర్వేరుగా పెంచి, గూటి బరువు, పట్టు నాణ్యము చెడని వంశములను ఏరుకొనవలెను. ఇక వైరసు ప్రవేశించినప్పుడు దాని జన్యువుల సందేశములను, అనగా ఆర్.ఎన్.ఏ.ను, నాశనము చేయునవి పురుగు కణములో సహజముగా నున్న ఎంజైములే. చేర్చిన డి.ఎన్.ఏ. వానికి ఏ సందేశమును పట్టుకొనవలెనో చూపించును. ఇట్లు ఒకే కథలో మూడు రకముల కోతలున్నవి. మూడింటను కోతకు ముందు ఒక గుర్తింపు ఉన్నది, ఒక్కొక్క గుర్తింపు ఎంత నికరమో అంత మేరకే ఫలితము.

పురుగుల తట్ట ఉన్న ఇంటినుండి వచ్చిన పిల్లవాడు, రోగము రాని పురుగును చేయగలిగినపుడు మా ఇంటికి ఏల రాలేదని ఉపాధ్యాయుని అడుగుట సహజము. కత్తెర పాఠమునుబట్టి దీనికి సమాధానము దొరకదు. కత్తిరించినదానితో పని అయిపోవలెను గదా. వంశములను ఏరుట, తరములు గడచినను చేర్చిన జన్యువు పనిచేయుచున్నదా యని చూచుట, ఇతర జీవులకు హాని కలుగునేమో పరీక్షించుట, ప్రభుత్వ అనుమతులు, ఇవన్నియు ప్రయోగశాలకును తట్టకును నడుమ నుండు దూరము. వందకు డెబ్బది అయిదు బ్రతికినవన్నచో ఇరువది అయిదు చచ్చినవని కూడ చెప్పవలెను. అట్టి పురుగు చేతికి వచ్చిన నాడును బ్లీచింగు పొడి డబ్బాను అటుకెక్కించుటకు వీలులేదు.

2012 తరువాత వ్యాపించిన క్రిస్పర్ పద్ధతికి కూడ ఈ కత్తెర పేరే పెట్టిరని మొదట చెప్పితిని. అదియు బాక్టీరియాలు వైరసులనుండి కాచుకొను సాధనమే. అందు ఎంజైమునకు చోటు చూపునది ఇరువది అక్షరముల ఆర్.ఎన్.ఏ.; దానిని మార్చినచో కోతచోటు మారును. ఆ విద్యను మన పత్రికలు ఇప్పుడు విరివిగ వర్ణించుచున్నవి. ఇకో-ఆర్-1ను సరిగా చదివిన విద్యార్థి అందులో క్రొత్తదనమెక్కడ నున్నదో తానే పట్టుకొనును.

పరీక్షలను గురించి ఒక సూచన. "అణు కత్తెరలు అనగానేమి?" అను రెండు మార్కుల ప్రశ్నను కొన్నాళ్లు ప్రక్కన పెట్టి, ఇకో-ఆర్-1 తాను పుట్టిన బాక్టీరియాయొక్క డి.ఎన్.ఏ.ను ఏల కోయదని అడిగి చూడవచ్చును. తెలివిగల పిల్లలకు ఒక లెక్క ఇయ్యవచ్చును. లామ్డా అను ఫేజుయొక్క డి.ఎన్.ఏ. పొడవు 48,502 జతలు. దానిని 4,096చే భాగించినచో ఆరక్షరముల ఎంజైము సుమారు పండ్రెండు చోట్ల కోయవలెను. ప్రయోగశాలలో హిన్-డి-3 దానిని ఏడు చోట్లనే కోసి ఎనిమిది ముక్కలు చేయుచున్నది. ఇకో-ఆర్-1 అయిదు చోట్లనే కోయుచున్నది. లెక్కకును వాస్తవమునకును ఈ తేడా ఎందులకు వచ్చినదో తరగతిలో చర్చింపనిండు, అక్షరములు డి.ఎన్.ఏ.లో చీట్లు వేసినట్లు పడియుండవను సంగతి దగ్గరకు వారే రాగలరు.